ఓటుకు ముందొక కునుకు

ముత్యావతి పగటిపూట కునుకు తీసే మనిషి కాదు. మగ్గం నడిచినన్నాళ్ళూ, దాని గుంటలో కాళ్ళు దించి కూర్చుందంటే, అన్నానికి లేపడానికి కూడా ఎవరో ఒకరు వచ్చి భుజం కదపాల్సిందే. అలాంటిది ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం, పెట్టెలో చీర తీసి కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, ఉప్పాడలో కాకినాడ బస్సెక్కింది. ఎందుకయ్యా అంటే, నిద్రపోవడానికి.

"ఎక్కడికి వదినా, ఇంత ముస్తాబు?" అని ఎదురింటావిడ గుమ్మంలోంచి అడిగింది.

"పడుకోడానికెళ్తన్నా" అంది ముత్యావతి ఆగకుండా.

వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ. రాష్ట్రపతిని ఎన్నుకునే పనిని ఆమె అంత తేలిగ్గా తీసుకోదల్చుకోలేదు.

రాష్ట్రపతిని జనమే నేరుగా ఎన్నుకోవచ్చని చట్టం మారాక ఇది రెండో ఎన్నిక. బరిలో మిగిలింది ఇద్దరు. జోరావర్ ధిల్లాన్ గారు, మృణాళిని బరూవా గారు. మిగతా దేశం వాళ్ళిద్దరి గురించి నూరు విషయాల మీద కొట్టుకుంటే కొట్టుకుందిగాక, ఉప్పాడకి ఉన్నది ఒకటే ప్రశ్న: సముద్రాన్ని ఏం చెయ్యాలి? ముత్యావతి కాపురానికి వచ్చినప్పుడు ఇంటికీ నీళ్ళకీ మధ్య మూడు వీధులుండేవి. ఇప్పుడు ఒక్కటుంది. ధిల్లాన్ గారు నేతగాళ్ళ వీధి పొడుగునా సముద్రంలో గోడ కట్టిస్తానన్నారు. బరూవా గారు గోడలకి సముద్రం ఆగదన్నారు. ఒడ్డు వదిలేసి అందరం మెట్టకి పోదాం, ఎర్రమట్టి నేల మీద కొత్త ఊళ్ళు కట్టిస్తానన్నారు. ఇద్దరూ మంచివాళ్ళలాగే కనబడ్డారు. అదే ముత్యావతికి వచ్చిన చిక్కు.

అలా తేల్చుకోలేనివాళ్ళ కోసం కాకినాడలో కునుకుశాల తెరిచారు. సర్కారు దానికి పెట్టిన పేరు బారెడుంది గానీ, జనం నోట్లో నిలిచింది ఇదే. ముత్యావతి కూతురు మేఖల పనిచేసేది అందులోనే.

మేఖల తల్లిని లోపలికి తీసుకెళ్ళింది. చల్లటి గది. కిటికీలకి నీలం తెరలు. గోడ వారగా రెండు మంచాలు, వాటి తలగడల దగ్గర ఒకటీ రెండూ అని అంకెలు. బ్యాలెట్‌లో ధిల్లాన్ పేరు ముందుంది కాబట్టి ఎడమ మంచం ఆయనది, కుడి మంచం బరూవాది. ఎన్నికల ఆఫీసు నుంచి ఆ మేరకు ఉత్తరం వచ్చింది. పక్షపాతం అనే మాట పడకూడదని, దేశంలో ఉన్న అన్ని కునుకుశాలల్లోనూ అందరూ బ్యాలెట్ వరసలోనే నిద్రపోవాలన్నారు. ముందు ఎడమ, తర్వాత కుడి.

మేఖల తల్లి తలకి తడి గుడ్డ టోపీ తొడిగింది. అందులో జుట్టుకన్నా సన్నటి రాగి పోగులున్నాయి. ముత్యావతి వేలితో తడిమి చూసింది.

"నేత బానే ఉంది. ఎవరు నేశారే?"

"మెషినమ్మా. కదలకు."

ఈ లోగా కునుకుశాల పెద్ద, డాక్టర్ హైమవతి గారు, వచ్చి పలకరించింది. నేతగత్తె అని తెలిసి ముచ్చటపడి, "మీకు తేలిగ్గా అర్థమవుతుందమ్మా" అంది. "అభ్యర్థి ఇచ్చిన హామీలూ, సముద్రం లెక్కలూ, మీ ఊరి పటమూ, ఇవన్నీ మేం పడుగులాగా లోపలికి పంపిస్తాం. పేక మీది. మీ మనసే దాంతో పదేళ్ళ తర్వాతి ఒక రోజుని నేసుకుంటుంది. మీరు చెయ్యాల్సింది పడుకోవడమే."

ముత్యావతి కళ్ళు మూసుకుంది. ఎక్కడో గంట మోగినట్టయింది.

మగ్గం ముందు కూర్చుని ఉంది. తన ఇల్లే. కిటికీలోంచి ఎండ పడుగు మీద పడి, ప్రతి పోగూ విడివిడిగా మెరుస్తోంది. దూరంగా సముద్రం గోడకి అవతల, పక్కగదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు గొణుగుతోంది. గంజి వాసన. పక్కకి చూసింది. ఎడమపక్క మేఖల కూర్చుని ఉంది. పదేళ్ళు పెరిగి ముప్పై నాలుగేళ్ళయిన మేఖల. చెంపల దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు. ఇద్దరూ ఒక్క మాటా అనుకోవడం లేదు. తను ఇటు నుంచి జరీ పోగు దూర్చేసరికి అటు నుంచి మేఖల వేలు వచ్చి అందుకుంటోంది. చీర మీద చిన్న చిన్న చిలకలు ఒకదాని తర్వాత ఒకటి పుట్టుకొస్తున్నాయి. ఒక చిలక తోక ఊపింది. అది తప్పని ముత్యావతికి తెలుసు, అయినా ఊరుకుంది. అంత సంతోషంగా ఉంది ఆమెకి.

తర్వాత ఎవరో చెయ్యి పట్టుకుని రెండో మంచం మీదకి నడిపించారు.

ఈసారి ఎర్రటి నేల. గాలి. గాలిలో ఉప్పు లేదు. ఇల్లు కొత్తది, సున్నం వాసన ఇంకా పోలేదు. మగ్గం ఉంది, తను కుడిపక్క కూర్చుని ఉంది, పోగు అందించింది. అటువైపు అందుకునే వేలు లేదు. ఎడమపక్క ఒక గుడ్డ మడతపెట్టి ఉంది. "మేఖలా!" అని పిలిచింది. గొంతు బయటికి రాలేదు. ఎర్ర దుమ్ము కిటికీలోంచి వచ్చి నెమ్మదిగా పోగుల మీద వాలుతోంది.

లేచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. కాస్సేపు ఎక్కడుందో తెలియలేదు. మేఖల మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"నా ఓటు ధిల్లాన్ గారికే" అంది ముత్యావతి, గ్లాసు పూర్తిగా దించకుండానే.

ఆమె పంతం ఎందుకో తెలియాలంటే ఆ ఇంటి మగ్గం సంగతి తెలియాలి. ఉప్పాడ జాందానీ చీర ఒక్కరు నేసేది కాదు. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పేక పోగు మోసే నాడె ఒకసారి అటూ ఇటూ తిరిగేలోగా ఇద్దరి వేళ్ళూ కలిసి పువ్వునో పిట్టనో ఎత్తాలి. పెద్దవాళ్ళు కుడిపక్క, నేర్చుకునేవాళ్ళు ఎడమపక్క, అదీ ఆ ఇంటి పద్ధతి. మేఖల పన్నెండో ఏట ఎడమపక్క కూర్చుంది. భర్త పోయినప్పుడు ముత్యావతిని నిలబెట్టింది ఆ పక్క చోటు ఖాళీగా లేకపోవడమే. నాలుగేళ్ళ క్రితం మేఖల కునుకుశాల ఉద్యోగంలో చేరింది. ఎడమ చోట్లోకి కూలికి వచ్చిన అమ్మాయిలెవరితోనూ ముత్యావతికి చెయ్యి కుదరలేదు. ఇప్పుడు మగ్గం మీద సగం నేసిన చీర ఏడాదిగా అలాగే ఉంది. మొన్న నెలలో షిల్లాంగు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడొక పెద్ద నిద్ర ఆస్పత్రి ఉందట. మేఖలని చదువుకోవడానికి రమ్మన్నారు. మేఖల వెళ్తానని అనలేదు, వెళ్ళననీ అనలేదు. ఉత్తరాన్ని దేవుడి పటం వెనకాల పెట్టింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ పటానికి దణ్ణం పెట్టుకుంటూ, ఉత్తరం ఊసెత్తకుండా రోజులు గడుపుతున్నారు.

"అమ్మా, అది జరగబోయేది కాదు. వట్టి అంచనా" అంది మేఖల ఆ సాయంత్రం.

"అంచనాలో కూడా నువ్వు నా పక్కనే ఉన్నావు. ధిల్లాన్ గారు గెలిస్తే నువ్వెక్కడికీ పోవు. నేను కళ్ళారా చూశాను."

"కళ్ళు మూసుకుని చూశావమ్మా."

"ఎలా చూస్తే ఏంటే!"

మర్నాటి నుంచి ముత్యావతి మాట వినని గుమ్మం లేదు ఆ వీధిలో. అప్పటికే సగం మంది కాకినాడ వెళ్ళి పడుకుని వచ్చారు. తక్కినవాళ్ళని ఆమె పంపించింది. వెళ్ళినవాళ్ళంతా మొహాలు వెలిగించుకుని వచ్చారు. ఒకావిడకి గోడ పక్కన మనవరాలి పెళ్ళి కనబడింది. చూపు మందగించి పదేళ్ళుగా నేత మానేసిన వెంకటరత్నం గారికి, కల్లో సూది బెజ్జం కూడా స్పష్టంగా కనబడిందట. ఆయన అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి ఆ సూది గురించి చెబుతూనే ఉన్నాడు. ధిల్లాన్ గారు ఒక్కసారి కూడా రాని ఆ వీధిలో ఆయనకి ముప్పై ఇళ్ళు దఖలు పడ్డాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ముత్యావతికి ఆ కల మీద బెంగ పట్టుకుంది. అన్నం దగ్గర కూర్చుంటే గంజి వాసన, బిందె ఎత్తుకుంటే పక్కన ఎవరో ఉన్నట్టు. నిజమైన మేఖల ఇంట్లో ఎదురుగా తిరుగుతుంటే, ఈమె కల్లోని మేఖల కోసం బెంగపెట్టుకోవడం ఆమెకే చోద్యంగా తోచింది. శుక్రవారం మేఖల సర్టిఫికెట్ల పని మీద కాలేజీకి వెళ్తానంది. అదను చూసి ముత్యావతి మళ్ళీ బస్సెక్కింది.

ఆ మధ్యాహ్నం కునుకుశాలలో ప్రకాశరావు గారు ఉన్నారు. రిటైరయ్యే వయసు. ఎన్నికల ఆఫీసు నుంచి అరువు వచ్చిన మనిషి. అన్నం తిని, పేపర్లో గళ్ళనుడికట్టు ముందేసుకుని, సగం జోగుతున్నారు.

"మొన్న వచ్చారుగా అమ్మా, మీకు తెలుసుగా" అని టోపీ చేతికిచ్చి, నాలుగో అడ్డంలో పడిపోయారు.

ముత్యావతి గదిలోకి వెళ్ళింది. రెండు చోట్లు పక్కపక్కన కనబడితే ఆమె ఒళ్ళు ఎటు పోతుంది? ఏళ్ళ తరబడి అలవాటు. అంకెలు చూసుకోలేదు. ఎడమది కూతురికి వదిలి, కుడి మంచం మీద ఎక్కి పడుకుంది.

ఎర్ర నేల కనబడగానే గుండె ఝల్లుమంది. ఇది కాదు, ఇది కాదు, లేవాలి అనుకుంది. లేవలేకపోయింది. సున్నం వాసన. గాలి. భయపడుతూనే ఎడమపక్కకి చూసింది. మేఖల ఉంది. చెంపల దగ్గర అవే రెండు తెల్ల వెంట్రుకలు. పోగు అందుకుంటోంది. చిలకలు పుట్టుకొస్తున్నాయి. కిటికీ బయట ఎర్రమట్టి మీద జీడిమామిడి చెట్ల నీడలు కదులుతున్నాయి, ఆ నీడల్లో ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారు. ఇక్కడ కూడా అంతే సంతోషం. వీసం తేడా లేదు.

ఎడమ మంచం మీదకి తనే మారింది, ఇంకా మత్తులోనే. గోడ. గోడ అవతల సముద్రం. తన ఇల్లు, తన కిటికీ. ఎడమపక్క మడతపెట్టిన గుడ్డ.

ఆమె ఏడుపు విని ప్రకాశరావు గారు పెన్ను పారేసి పరిగెత్తుకొచ్చారు. మేఖలకి ఫోన్ వెళ్ళింది. మేఖల ఆటోలో వచ్చిపడేసరికి తల్లి మంచం అంచున కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, దాని పోగులు సర్దుతోంది.

"అమ్మా, ఏమైంది? ఏం చూశావు?"

"అభ్యర్థులు మారిపోయారే" అంది ముత్యావతి. "బరూవా గారి దగ్గర నువ్వున్నావు. ధిల్లాన్ గారి దగ్గర లేవు. వాళ్ళేమన్నా హామీలు మార్చుకున్నారా?"

మేఖల మంచాల వంక చూసింది. రెండింటి దుప్పట్లూ నలిగి ఉన్నాయి.

"ముందు దేని మీద పడుకున్నావు?"

ముత్యావతి కుడి మంచం చూపించింది. "నా చోట్లోనే."

మారింది అభ్యర్థులు కాదు, పడుకున్న వరస అని మేఖలకి తట్టింది. తర్వాత తల్లి పక్కన మెల్లిగా కూర్చుంది.

హైమవతి గారు మొదట ఒప్పుకోలేదు. ఒక్క మనిషి పొరపాటున చేసింది ప్రయోగం కాదంది. అది నిజమే. "అయితే ప్రయోగమే చేద్దాం మేడం" అంది మేఖల. శనివారం వచ్చిన పదిమందిని కుడి మంచం మీద ముందు పడుకోబెట్టారు. పదిమందిలో తొమ్మిదిమంది మెట్ట మీద కొత్త ఊరు చూసి నవ్వుకుంటూ లేచారు, గోడ చూసి ఏడ్చారు. అంతకుముందు నాలుగు నెలలుగా వెయ్యిమంది గోడ చూసి నవ్వారు, మెట్ట చూసి ఏడ్చారు.

హైమవతి గారు ఎడమ మంచం మీద కూలబడింది. ఆ మంచం మీద ఆమె కూర్చోవడం అదే మొదలు.

"ఆకలిగా వచ్చిన మనసు" అంది, ఎవరితోనో అన్నట్టు. "ముందు ఏ విస్తరి వేస్తే అందులోనే తనకి కావలసినవన్నీ వడ్డించేసుకుంటోంది. రెండో విస్తరికి భయాలు తప్ప ఇంకేం మిగలడం లేదు. మనం అభ్యర్థుల్ని చూపిస్తున్నాం అనుకున్నాం."

"అందరికీ ఒకటే వరస పెట్టాం మేడం. అందుకే మనకి కనబడలేదు" అంది మేఖల.

"పక్షపాతం రాకూడదని పెట్టిన వరస." ఆమె నవ్వబోయి మానేసింది. ఈ పని మీద ఆవిడ జీవితంలో పద్దెనిమిదేళ్ళు పోయాయి. ఆ సాయంత్రమే పై ఆఫీసుకి ఉత్తరం తనే రాసి, తనే సంతకం పెట్టింది. దాచలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. అది ఆమె గొప్పతనం.

పోలింగు ఎనిమిది రోజులుందనగా దేశంలో కునుకుశాలలన్నీ మూతపడ్డాయి. టీవీల్లో అరుచుకున్నారు. వాళ్ళ కుట్రని వీళ్ళు, వీళ్ళ కుట్రని వాళ్ళు. ఎవరి కుట్రా లేదని చెప్పినవాళ్ళ మాట ఎవరికీ రుచించలేదు.

తలుపులు మూసేశారు సరే, చూసిన కలలు ఎక్కడికి పోతాయి? అవి ఉప్పాడ వీధిలో ఇంటింటా అలాగే ఉన్నాయి. ముప్పై ఇళ్ళకి తిరిగి చెప్పిన నోరు ముత్యావతిది. తను మాట పడ్డం ఎరగని మనిషి. ఒక రోజంతా పడుకుని లేవలేదు. రెండో రోజు ఉదయం మొహం కడుక్కుని, మళ్ళీ మొదటి గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. "నేను చెప్పింది తప్పు. ఆ కల ధిల్లాన్ గారిది కాదు, మీదే. ఎవరికెయ్యాలో మీరే ఆలోచించుకోండి" అని చెబుతూ పోయింది. కొందరు తలుపేసుకున్నారు. "కూతురికి ఉద్యోగం పోయిందని కలలమీద పడ్డావా?" అంది ఎదురింటావిడ. అయినా ముత్యావతి పక్కింటికి వెళ్ళింది.

వెంకటరత్నం గారు అరుగు మీద ఆఖర్న దొరికాడు. అంతా విన్నాడు.

"అయితే ఆ సూది బెజ్జం..."

"లేదు బాబాయ్."

"గోడ కట్టినా కనబడదు?"

"కనబడదు."

ఆయన మసక కళ్ళు సముద్రం వైపు తిప్పుకున్నాడు. "తెలిసిందిలే అమ్మా. అయినా నా ఓటు గోడకే. ఆ కల్లో గోడుంది. దాని పక్కనే సూది ఉంది. ఈ వయసులో నాకు రెండింటినీ విడదియ్యమనకు."

తను చేసిన పని ఎంతటిదో ఆ అరుగు దగ్గర ముత్యావతికి పూర్తిగా తెలిసొచ్చింది. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

ఏడుపయ్యాక అసలు ప్రశ్న అలాగే మిగిలి ఉంది. ఎవరికెయ్యాలి? రెండు మంచి కలల్లోనూ మేఖల ఉంది. రెండు చెడ్డ కలల్లోనూ మేఖల లేదు. అంటే మేఖలని తన పక్కన కూర్చోబెట్టడం ఏ రాష్ట్రపతి చేతిలోనూ లేదు. కలల్లోంచి మేఖలని తీసేస్తే ఏం మిగిలింది? గోడ మిగిలింది. ఎర్ర నేల మిగిలింది. వాటిని ఆమె ఇంతవరకూ సరిగా చూడనే లేదు.

ఆ మధ్యాహ్నం ఒడ్డు వెంబడి ఉత్తరంగా నడిచి, నేతగాళ్ళ వీధి దాటాక వచ్చే జాలరిపేటకి వెళ్ళింది. అక్కడ పోలమ్మ ఉంటుంది. పాతికేళ్ళుగా వాళ్ళింటికి చేపలు తెచ్చే మనిషి. ఇన్నేళ్ళలో ముత్యావతి ఆమె గుమ్మం తొక్కడం ఇదే మొదలు. పోలమ్మ ఇంటి వెనక గది పోయిన వానాకాలం నీళ్ళలో కలిసిపోయింది. మిగిలిన గోడకి వల ఆరేసి ఉంది.

"ఏటమ్మా, మా మీద దయొచ్చింది!" అంది పోలమ్మ, పీట వేస్తూ.

"నువ్వు కాకినాడ వెళ్ళి పడుకోలేదా?"

"నాకు మెలకువగా ఉంటేనే బోలెడు పని. పడుకుని చేసే పని నావల్ల కాదు."

ముత్యావతి నవ్వింది. చాలా రోజులకి వచ్చిన నవ్వు. తర్వాత అడగాల్సింది అడిగేసింది. "మా వీధి పొడుగునా గోడ కడితే మీకేమవుద్ది పోలమ్మా?"

పోలమ్మ ఆమెని వింతగా చూసింది, ఇంత తెలిసిన సంగతి అడుగుతుందేమిటా అని. "నీళ్ళు గోడకి కొట్టుకుని ఊరుకుంటాయా? పక్కకి తిరుగుతాయి. పక్కనున్నది మేమే. అవతల రేవు దగ్గర రాళ్ళేసినప్పుడు చూశాం కదా, మా పెదనాన్నోళ్ళ పేట మూడేళ్ళలో ఎల్లిపోయింది."

"మరి మెట్టకి పోతే మీ పని?"

"పనికి కష్టమే. పడవలిక్కడ, మేమక్కడ. తెల్లారకుండా బస్సేస్తామంటన్నారు, ఎయ్యకపోతే తిట్టుకుంటా నడవాలి." పోలమ్మ వల కన్నంలో వేలు పెట్టి చిరుగు వెతుక్కుంది. "పనికైతే నడిచెళ్తానమ్మా. ఇల్లు నీళ్ళలో ఉంటే యాడికని నడిచెళ్ళేది?"

తిరిగి వస్తుంటే ఎండ పలచబడింది. తడి ఇసక మీద ఆకాశం పరుచుకుని, నడుస్తుంటే మబ్బుల మీద అడుగేస్తున్నట్టుంది. కల్లాగే ఉంది గానీ కల కాదు. పాదాలకి గవ్వలు గుచ్చుకుంటున్నాయి. తన వీధి చివర నిలబడి ముత్యావతి ఇంటిని చూసుకుంది. గోడ కడితే ఇది ఉంటుంది. ఇది ఉండడానికి పోలమ్మ ఇల్లు పోవాలి. గోడ కట్టకపోతే అందరూ పోగొట్టుకుంటారు, తనతో సహా. ఈ ఇంటికి ఆమె కొత్త కోడలిగా వచ్చింది, మేఖలని ఈ ఇంట్లోనే కన్నది, భర్తని ఈ గుమ్మంలోంచే పంపింది. చాలాసేపు అక్కడే నిలబడింది.

పోలింగు బడిలో పెట్టారు. వరసలో మేఖల ముందు, ముత్యావతి వెనక. మేఖల వెళ్ళి రెండు నిమిషాల్లో వచ్చేసింది. ముత్యావతి లోపలికి వెళ్ళింది. అట్టపెట్టె చాటున మీట ముందు నిలబడింది. రెండు పేర్లు. ఒకటీ, రెండూ. కళ్ళు మూసుకుంటే ఏదైనా కనబడుతుందేమోనని ఒక్క క్షణం మూసుకుంది. ఏమీ కనబడలేదు. చీకటి, అంతే. పదేళ్ళ తర్వాత ఏముంటుందో ఆమెకి తెలియదు. ఆ గదిలో ఎవరికీ తెలియదు. అలా తెలియకుండా ఇంతమంది ఇంత ధైర్యంగా ఎలా నొక్కుతున్నారో అనుకుంది.

"అమ్మా, అయిందా?" అన్నాడు ఆఫీసరు.

"అవుతుందుండండి. తొందరపెట్టకండి" అంది. ఆ తర్వాత చాలాసేపటికి కుయ్యిమని చప్పుడు వినబడింది.

బయట మేఖల వేపచెట్టు కింద నిలబడి ఉంది. ఇద్దరూ ఇంటి దారి పట్టారు. సగం దూరం వచ్చాక ముత్యావతి అంది:

"మగ్గం విప్పాలంటే ఎన్నాళ్ళు పడుద్దంటావ్?"

మేఖల ఆగిపోయింది. "ఎందుకు విప్పడం?"

"మెట్టకి తీసుకుపోవద్దూ? ఆవిడ గెలిస్తే."

"అమ్మా..." అంది మేఖల. "మనిల్లు పోతుందమ్మా. గోడ లేకపోతే మన వీధి మిగలదు."

"తెలుసే. తెలిసే వేశాను." అలా అనేసరికి ముత్యావతి కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. "ఆవిడ ఓడిపోతే ఇక్కడే ఉంటాం. అది వేరే సంగతి. నేను వెయ్యాల్సింది నేను వేశాను."

కొంచెం దూరం నడిచారు. సముద్రం చప్పుడు రోజూలాగే వినబడుతోంది.

"కర్రలూ అచ్చూ బండి మీద వేసుకుపోవచ్చు" అంది ముత్యావతి. "గుంట మోసుకుపోలేం. అక్కడ కొత్తది తవ్వించుకోవాలి."

మేఖల తల్లి చెయ్యి పట్టుకుంది. "నేను షిల్లాంగు వెళ్ళనులే అమ్మా. నువ్వొక్కదానివీ..."

"ఎందుకెళ్ళవు? వెళ్ళు. ఇవాళే ఉత్తరం రాసెయ్, వస్తున్నానని." ముత్యావతి చెయ్యి విడిపించుకోలేదు గానీ, నడక మాత్రం ఆపలేదు. "గుంట ఇద్దరికి సరిపడానే తవ్విస్తాను. పక్కనెవరు కూర్చుంటారో నాకు తెలీదు. కూర్చున్నాక చూసుకుంటాను."